ఆడపిల్లకి ఐదో నెలలోనే అన్నప్రాశన అంటున్నారు, డాక్టర్‌గారేమో ఆరు నిండాలంటున్నారు. ఏం చెయ్యాలి?

చంటిదాని_అమ్మ

అందరికీ నమస్తే అండి. మా పాపకి నాలుగు నెలలు నిండి ఐదో నెల నడుస్తోంది. ప్రస్తుతం పుట్టింట్లో ఉన్నాను, అంబాజీపేట దగ్గర పల్లెటూరు. అత్తవారిది పాలకొల్లు. నిన్న మా అత్తయ్యగారు ఫోన్ చేసి, ఆడపిల్లకి బేసి నెలలో అన్నప్రాశన చెయ్యాలి, ఈ శ్రావణంలో మంచి ముహూర్తం ఉంది, క్షీరారామంలో చేయించేసి ఆ రోజు నుంచే కాస్త కాస్త జావ అలవాటు చేసెయ్యి అన్నారు. పిల్లల డాక్టర్‌గారేమో మొన్న టీకాకి వెళ్లినప్పుడు ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టొద్దని గట్టిగా చెప్పారు. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను.

పాపేమో మేం భోంచేస్తుంటే కంచం వైపే గుడ్లప్పగించి చూస్తుంది, పిడికిలంతా నోట్లో పెట్టేసుకుంటుంది, రాత్రిళ్లు మాటిమాటికీ లేస్తోంది. అది చూసి మా అమ్మ కూడా "పాలు చాలట్లేదేమోనే" అని మొదలుపెట్టింది. టీకా కార్డులో బరువు చూస్తే ఆకుపచ్చరంగులోనే, అంటే సరిపడానే ఉంది మరి.

ఇంకో టెన్షన్ ఏంటంటే నేను సచివాలయంలో పనిచేస్తాను. ఆరు నెలల సెలవు దసరా ముందు అయిపోతుంది, తర్వాత పగలంతా పాపని చూసుకోవాల్సింది అత్తయ్యగారే. అందుకని ఆవిడతో పేచీ పెట్టుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు. అసలు దేనితో మొదలుపెట్టాలి, రాగిజావా, అన్నమా, డబ్బా ఫుడ్డా? ఉప్పు వెయ్యాలా? గేదెపాలు కలపొచ్చా? అత్తవారింట్లో పాడి ఉంది కాబట్టి ఈ చివరి ప్రశ్న ఎలాగూ వస్తుంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.


పాలకొల్లు_పిన్ని

మా ఊరి కోడలివన్నమాట, అయితే నేను మాట్లాడాల్సిందే. ఇందులో పేచీకి తావే లేదమ్మాయ్. ఆడపిల్లకి బేసి నెల అన్నారు కదా, ఐదొక్కటేనా బేసి నెల? ఏడూ బేసే, తొమ్మిదీ బేసే. మగపిల్లలకి ఆరు, ఎనిమిది, ఆడపిల్లలకి ఐదు, ఏడు అనే కదా మన పురోహితులు చెప్పేది. ఆరు నెలలు నిండాయంటే ఏడో నెల వచ్చినట్టే కదా, అటు శాస్త్రమూ తప్పలేదు, ఇటు డాక్టరు మాటా పోలేదు. శ్రావణంలో ఐదో నెల నడుస్తోందంటే దసరాలకి ఏడో నెల పడుతుంది, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయితే పుట్టినరోజు లెక్క చూసుకోండి. క్షీరారామం ఎక్కడికీ పోదు, అప్పుడే వెళ్లండి.

నువ్వు మాత్రం "డాక్టరు వద్దన్నారండీ" అని మొదలుపెట్టకు. ఆ మాట వినగానే "మేం పిల్లల్ని పెంచలేదా" అని వస్తుంది, ఇక అక్కడి నుంచి సంగతి పాప తిండి గురించి కాదు. మీ ఆయన చేత పంతులుగారికి ఫోన్ చేయించు. ఏడో నెలలో పాప నక్షత్రానికి కుదిరే రోజు చూడమని అడగమను, ఆయన చూసి నేరుగా అత్తగారికే చెప్తారు. పంతులుగారు చెప్తే ఒకలా వినపడుతుంది, కోడలు చెప్తే ఇంకోలా వినపడుతుంది, ఏ ఇంట్లోనైనా ఉన్నదే ఇది.

ఆ రోజు పరమాన్నం ఉంగరంతో నాలిక్కి రాస్తారు, అంతవరకు ఏం కాదు. కాకపోతే మేనమామ ఒక చెంచా, తాతగారు ఒక చెంచా, వచ్చిన ప్రతి చుట్టమూ ఒక చెంచా అని వరస కట్టేస్తారు చూడు, అక్కడ అడ్డం పడాలి. ఈ మధ్య ఒక ఫంక్షన్లో తాతగారొకాయన ముచ్చటపడి తాపేశ్వరం కాజా విరిచి ఆ పాకం పిల్లాడి నోట్లో పిండబోయాడు, వాళ్ల కోడలు పళ్లెంతో సహా లాగేసుకుంది. నాకైతే ఆ అమ్మాయి తెగ నచ్చేసింది.


లంక_మామ్మ

ఆయ్, ఇవన్నీ ఇప్పటి మాటలండి. మా రోజుల్లో మూడో నెల వచ్చేసరికి ఉగ్గు మొదలెట్టేవాళ్లం. వసకొమ్ము తేనెలో అరగదీసి నాకిస్తే పిల్లలు గడగడా మాట్లాడేవారు, వారానికోసారి ఆముదం పోసేవాళ్లం కడుపు శుభ్రంగా ఉండేది. మా నలుగురూ అలాగే పెరిగారు, ఒకడు దుబాయిలో ఉన్నాడు. ఆరు నెలలు పాలతోనే ఉంచితే పిల్లకి బలం ఎక్కణ్ణుంచి వస్తుందండి? తల్లి కూడా ఎండిపోతుంది. పిల్ల కంచం వైపు చూస్తుందంటే ఆకలేసే చూస్తుంది. నా మాట విని పలచగా జావ కాచి రోజుకో ఉగ్గుగిన్నెడు పట్టించండి, రాత్రి హాయిగా పడుకుంటుంది.


ఏఎన్ఎమ్_అక్క

మామ్మగారూ, మీ అనుభవాన్ని తక్కువ చెయ్యట్లేదండి, కానీ వస, తేనె, ఆముదం ఈ మూడూ మాత్రం వద్దు. తేనెలో ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు, పెద్దవాళ్లకి ఏమీ చెయ్యవు గానీ ఏడాది లోపు పిల్లల పేగుల్లో అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, దాంతో ఒళ్లు చచ్చుబడి ఊపిరికే ముప్పు రావచ్చు. బొటులిజం అంటారు. అరుదే, కానీ నాకించకపోతే పోయేదేమీ లేదు కదా. ఆముదం చంటిపిల్లలకి పోస్తుంటే పొలమారి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, ఆ న్యుమోనియా కేసులు మా ఊరి నర్సులం చూస్తూనే ఉంటాం.

ఇక ఐదో నెల జావ సంగతి. పలచటి జావలో ఉండేది చాలామటుకు నీళ్లే. దాంతో బుల్లి పొట్ట నిండిపోతే పాప మీ దగ్గర తక్కువ తాగుతుంది, తక్కువ తాగితే పాలు తగ్గుతాయి, అప్పుడు నిజంగానే "పాలు చాలట్లేదు" అవుతుంది. అదీకాక ఇది వరద రోజులు. కాలవ నీళ్లు, చెరువు నీళ్లు ఏ రంగులో ఉన్నాయో మీకే తెలుసు, ఆ గిన్నె ఆ చెంచా ఏ నీళ్లతో కడుగుతారో అక్కడి నుంచే విరేచనాలు మొదలవుతాయి. బరువు ఆకుపచ్చరంగులో ఉంది, రోజుకి ఆరేడుసార్లు ఉచ్చ పోస్తోంది అంటే పాలు సరిపోతున్నట్టే. కంచం వైపు చూడటం, చెయ్యి నోట్లో పెట్టుకోవడం ఆ వయసు పిల్లలందరూ చేసేవే. తిండికి సిద్ధం అనాలంటే మెడ బాగా నిలబెట్టాలి, ఆసరా ఇస్తే కూర్చోవాలి, చెంచా పెడితే నాలికతో బయటికి తోసెయ్యకుండా ఉండాలి. ఇవి చాలామంది పిల్లల్లో ఆరు నెలల దగ్గరే కుదురుతాయి.

అలాగని ఆరు దాటాక ఆలస్యం చెయ్యడం కూడా అంతే తప్పు, మా ఊళ్లలో నాకు ఎక్కువ కనపడేది ఇదే. ముహూర్తం కుదరలేదని ఎనిమిదో నెల దాకా పాలమీదే ఉంచేస్తారు, లేదా నీళ్ల జావతో ఏడాది లాగేస్తారు. నెలలు నిండి పుట్టిన బిడ్డకి కడుపులో ఉన్నప్పుడు దాచుకున్న ఐరన్ సుమారు ఆరు నెలలకి అయిపోతుంది, తల్లిపాలలో ఐరన్ తక్కువే, కాబట్టి ఆ తర్వాత తిండి నుంచే రావాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. అందుకే ఆరు నెలలు నిండగానే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు ఒక ఎమ్మెల్ చొప్పున ఇస్తాం, మీ ఆశా కార్యకర్తని అడిగి తీసుకోండి. దానికి మోషన్ నల్లగా వస్తుంది, గాబరా పడొద్దు.

ఎంత పెట్టాలంటే, మొదట్లో రెండు మూడు చెంచాలు, రోజుకి రెండుసార్లు. ఎనిమిది నెలలు నిండేలోపు పావు లీటరు కప్పులో సగం దాకా, రోజుకి రెండు మూడుసార్లకి వెళ్లాలి. తొమ్మిది నుంచి పదకొండు నెలల్లో అదే సగం కప్పు మూడు నాలుగుసార్లు, మధ్యలో పండో ఏదో. పాలు మాత్రం రెండేళ్ల దాకా మానొద్దు. అన్నిటికంటే ముఖ్యం చిక్కదనం: చెంచా వంచితే టప్పున జారిపోకూడదు, నెమ్మదిగా దిగాలి. జారిపోయిందంటే అందులో బలం లేదు.

ఉప్పు, పంచదార ఏడాది దాకా అక్కర్లేదు. ఉప్పు లేదని చప్పగా అనిపించేది మనకే, పాపకి ఉప్పు రుచే తెలియదు కదా. గేదెపాలు, ఆవుపాలు ఏడాది నిండేదాకా తల్లిపాలకి బదులుగా తాగించొద్దు, వాటిలో ఐరన్ దాదాపు ఉండదు, పొట్ట నింపేసి అన్నం తిననివ్వవు. టీలో బిస్కెట్ ముంచి పెట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే దానికి ఇంకా గట్టిగా అడ్డు చెప్పండి, తిండిలో ఉన్న కాస్త ఐరన్‌ని కూడా ఒంటికి పట్టకుండా చేసేది టీయే.


చంటిదాని_అమ్మ

అక్కా, పిన్నిగారూ, థాంక్స్ అండి. పంతులుగారి ఐడియా బ్రహ్మాండంగా పనిచేసింది! మా ఆయన మాట్లాడారు, ఆయన పంచాంగం చూసి దసరా తర్వాత ఏడో నెలలో పెట్టుకోండి భేషుగ్గా ఉంది అన్నారట, అత్తయ్యగారు "ఆయనే చెప్పాక ఇంకేముంది" అని ఊరుకున్నారు.

ఇప్పుడు అసలు వంట సంగతి చెప్పండి. ఆన్లైన్లో పదహారు రకాల గింజలు, బాదం, జీడిపప్పు వేసిన పొడి అమ్ముతున్నారు, అది కొనాలా? ఇంట్లో ఉగ్గుపొడి ఎలా చేస్తారు? మిక్సీలో మెత్తగా పేస్ట్ చెయ్యాలా? గుడ్డు, చేపలు ఎప్పుడు పెట్టొచ్చు? మా ఆయనైతే ఈ ఏడాది పులస పులుసు పాపకి నాలిక్కి రాద్దామని చూస్తున్నారు, ఆయన్ని ఎలా ఆపాలో అది కూడా చెప్పండి.


తణుకు_కోడలు

పదహారు రకాల పొడి మాత్రం మొదట్లో వద్దండి. పాపకి ఒంటిమీద దద్దుర్లు వచ్చాయనుకోండి, పదహారింటిలో ఏది పడలేదో ఎలా తెలుస్తుంది? ఒకటి పెట్టి మూడు రోజులు చూసి ఇంకోటి కలపండి.

మా ఇంట్లో ఉగ్గుపొడి ఇలా చేస్తాం. బియ్యం మూడు వంతులు, పొట్టు తీసిన పెసరపప్పు ఒక వంతు. మా పెద్దవాళ్లు పాతబియ్యమే వాడాలంటారు, కొత్తబియ్యం జిగురుగా ముద్దవుతుంది కాబట్టి చెంచాకి అంటుకుపోతుంది, అది నిజమే. ఏ రకమని వెతుక్కోనక్కర్లేదు, మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ అయినా మంచిదే, రేషన్ బియ్యమైనా శుభ్రంగా కడిగితే మంచిదే. రెండూ విడివిడిగా కడిగి బట్టమీద ఆరబోయాలి. ఇప్పుడు ముసురు పట్టి ఉంది, ఎండ లేదు, కాబట్టి ఫ్యాన్ కింద వేసి చేత్తో నలిపితే తడి తగలనంతవరకు ఉంచండి, ఇక్కడ తొందరపడితే నాలుగు రోజులకే పొడి ముక్కవాసన వస్తుంది. తర్వాత మూకుడులో సన్నసెగ మీద వేరువేరుగా వేయించాలి. పప్పు రంగు తిరిగి వాసన వస్తుంది, బియ్యం మాత్రం గింజ కాస్త ఉబ్బి తెల్లబడి, కొరికితే పుటుక్కున విరుగుతుంది, అప్పుడు దించెయ్యాలి. చల్లారాక సన్నరవ్వలా మిక్సీ పట్టండి. ఈ వానల్లో పది పదిహేను రోజులకి సరిపడా చేసుకుంటే చాలు, డబ్బాలో తడి చెంచా పెట్టొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి, అందరికీ అంటే మామగారికి కూడా.

వండేటప్పుడు రెండు చెంచాల పొడిని ముందు చన్నీళ్లలో కలిపి ఉండ లేకుండా చేసుకుని, అప్పుడు మరిగే నీళ్లలో పోసి కలుపుతూ ఉడికించాలి. నేరుగా వేడినీళ్లలో చల్లితే ఉండలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. దగ్గరపడ్డాక దించి ఒక చెంచా నెయ్యి. ఆ నెయ్యి మానొద్దు, పాప తినేది గుప్పెడు కాబట్టి ఆ గుప్పెడులోనే బలం ఉండాలి. కావాలంటే చల్లారాక మీ పాలే కాస్త పిండి కలపండి, తెలిసిన రుచి తగిలితే తొందరగా మింగుతారు.

రాగులకి కొంచెం పని ఎక్కువ, కానీ చెయ్యండి. రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచి, పలచటి గుడ్డలో మూటకట్టి తడి ఆరకుండా చూస్తే మర్నాటికో ఆ మర్నాటికో మొలకలొస్తాయి. ఆరబెట్టి దోరగా వేయించి మర పట్టించి పలచటి బట్టలో జల్లించాలి. మొలక కట్టిన పిండితో కాస్తే జావ ఎక్కువ గట్టిపడదు, అంటే అదే గిన్నెలో ఎక్కువ పిండి పట్టించొచ్చు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలో నూరు గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, తెల్లబియ్యంలో పది కూడా లేదు. అందుకని రాగి ఒక పూట, బియ్యం పప్పు ఒక పూట అన్నట్టు పెట్టుకోండి, ఏదో ఒకటే పట్టుకోవద్దు.

మిక్సీ సంగతి: మొదటి కొన్ని వారాలు మెత్తగా, తర్వాత నుంచి చేత్తో పిసకడమే. తొమ్మిదో నెల దాకా కూడా పేస్టే పెడితే ఆ తర్వాత చిన్న పలుకు తగిలినా కక్కేస్తారు, మా తోటికోడలి కొడుకు రెండేళ్లొచ్చినా అన్నం మెతుకు నమలకుండా బుగ్గన పెట్టుకుని కూర్చునేవాడు.

పళ్లలో మనకి కొదవ ఏముంది. బాగా పండిన చక్కెరకేళి, బొప్పాయి, సపోటా చెంచాతో గీరి పెట్టండి. డబ్బా ఫుడ్ ప్రయాణాల్లో ఎప్పుడైనా తప్పకపోతే సరే, కొనేముందు వెనకాల పంచదార ఉందో లేదో చదవండి. వాటికి టీవీలో ప్రకటనలు కనపడవు గమనించారా? పాలపొడి డబ్బాలకి, పాలసీసాలకి ప్రకటనలు ఇవ్వకూడదని 1992లోనే చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా గట్టి చేసి రెండేళ్ల లోపు పిల్లల తిండిని కూడా అందులో చేర్చారు.


భీమవరం_చేపలాయన

పులస మాట వచ్చింది కాబట్టి దిగుతున్నాను, చెరువుల మీద బతికేవాణ్ణి కదా. బావగారికి నా మాటగా చెప్పండమ్మా, పులస అంటే ఒళ్లంతా వెంట్రుకల్లాంటి సన్న ముళ్లు, పెద్దవాళ్లమే లాంతరు పెట్టుకుని వెతికినట్టు తింటాం, దాన్ని ఆరునెలల పిల్లకి పెట్టడమేంటి. ఆ పులుసులో ఉండే ఉప్పు, కారం, చింతపండు సరేసరి. అంత డబ్బు పోసి కొన్నది ఆయన్నే తినమనండి.

పాపకి కావాలంటే పండుగప్ప గానీ కొరమేను గానీ తీసుకోండి, ముళ్లు తక్కువ, ఉన్నవి పెద్దవి కాబట్టి చేతికి దొరుకుతాయి. పసుపు వేసి ఆవిరి మీద ఉడికించి, కండ మాత్రం తీసి, వెలుతురులో కూర్చుని రెండు వేళ్ల మధ్య నలుపుతూ ఒకసారి, ఇంకో మనిషి చేత మరోసారి వెతికించాలి. శీలావతి, బొచ్చె రోజూ దొరుకుతాయి గానీ వాటి కండలో వై ఆకారంలో సన్న ముళ్లు ఉంటాయి, పిల్లలకి అవి వద్దు.

ఇంకో మాట, ఇది మగవాళ్లు కూడా చదవాలి. కొత్తగా తినేటప్పుడు పిల్లలు ఓక్ ఓక్ అని డోకుతారు, మొహం ఎర్రబడుతుంది, దగ్గుతారు. చప్పుడు వస్తోందంటే గాలి ఆడుతున్నట్టే, వాళ్లే బయటికి తెచ్చేసుకుంటారు, మీరు కంగారుపడి వేలు పెడితే ముక్క ఇంకా లోపలికి పోతుంది. చప్పుడు లేకుండా నోరు తెరిచి, ఏడవలేక, పెదాలు నీలం తిరిగితేనే ప్రమాదం. అప్పుడు పిల్లని ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి ఉండేలా పట్టుకుని, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు చరచాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య రెండు వేళ్లతో ఐదుసార్లు నొక్కాలి, మళ్లీ బోర్లా. ఈలోపు ఎవరో ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి. పెద్దవాళ్లకి చేసినట్టు పొట్ట నొక్కకూడదు, ఏడాది లోపు పిల్లలకి అది పనికిరాదు. మా ఆక్వా వాళ్లకి ఫస్ట్ ఎయిడ్ క్లాసు పెట్టినప్పుడు బొమ్మమీద చేయించి చూపించారు, చేత్తో ఒకసారి చేసి చూస్తేనే వస్తుంది ఇది, చదివితే రాదు.

వేరుశనగ గుళ్లు, వేయించిన శనగలు, రేగుపళ్లు, ద్రాక్ష గుండ్రంగా ఉన్నవి, పచ్చి కొబ్బరిముక్క ఇవి పిల్లల చేతికి అందకుండా చూడండి. వేసవి వస్తే తాటిముంజలు మరీ మోసం, నున్నగా జారి గొంతుకి అడ్డం పడతాయి. చిదిపి పెడితే పర్వాలేదు.


ఏఎన్ఎమ్_అక్క

అన్నయ్యగారు బాగా చెప్పారు. గుడ్డు గురించి ఒక మాట. తెల్లసొన ఏడాది దాకా వద్దు, పచ్చసొనే పెట్టాలి అని పాతకాలంలో చెప్పేవాళ్లు, ఇప్పుడు అలా చెప్పడం లేదు. ఆరు నెలలు నిండాక బాగా ఉడికిన గుడ్డు రెండు భాగాలూ కొంచెం కొంచెంగా పెట్టొచ్చు. వేరుశనగ కూడా అంతే. పడదేమోనన్న భయంతో ఏళ్ల తరబడి దాచితే మేలు జరుగుతుందనుకునేవాళ్లు, 2015లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో తొందరగా అలవాటు చేసిన పిల్లలకే వేరుశనగ ఎలర్జీ తక్కువగా వచ్చింది. గుళ్లు కాదు, మెత్తటి పొడి జావలో కలిపి. పాపకి ఒంటినిండా గజ్జి లాంటి పొక్కులు తరచూ వస్తుంటే మాత్రం డాక్టర్‌గారిని అడిగాకే.

మాంసం తినే ఇల్లయితే కోడి లివర్ వారానికోసారి ఒకట్రెండు చెంచాలు పెట్టండి, ఐరన్‌కి అంతకంటే మంచిది లేదు. తినని ఇల్లయితే పప్పు, తోటకూరలో రెండు చుక్కల నిమ్మరసం పిండండి, లేదా పక్కన జామపండు గుజ్జు, అప్పుడు ఆ ఐరన్ ఒంటికి పడుతుంది.

అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి బాలామృతం ప్యాకెట్ ఇస్తారు, నెలకి రెండున్నర కిలోలు. పేరు రాయించుకోండి. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె ఉంటాయి, బలం ఉంటుంది, కానీ పంచదార కూడా ఉంటుంది కాబట్టి మూడు పూటలా అదే పెట్టకుండా ఒక పూటకి వాడండి. తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకాతో పాటు విటమిన్ ఎ చుక్కలు వేస్తాం, అది మర్చిపోకండి.


లంక_మామ్మ

సర్లెండి, వస మానేస్తాను. కానీ ఒక మాట నాది కూడా వినండి. ఈ రబ్బరు సీసాలు మాత్రం వద్దు. ఆ సందుల్లో, ఆ రబ్బరు లోపల పాలు పేరుకుని కంపు కొడతాయి, ఎంత కడిగినా పోదు. మా ఉగ్గుగిన్నె అయితే ఎక్కడా మూల లేదు, వేడినీళ్లలో ఒకసారి వేసి తీస్తే అయిపోయింది. దాంతోనే పెట్టండి, చెంచాతోనే పట్టండి. పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని తల ఎత్తుగా పట్టి పెట్టాలి, పడుకోబెట్టి పొయ్యకూడదు. నోరు మూస్తే ఆపెయ్యాలి, ముక్కు పట్టుకుని పోసేవాళ్లుంటారు, పాపం అది. సెల్‌ఫోను చూపించి తినిపించడం మా మనవరాలు చేస్తుంది, ఫోను ఆపితే పిల్లాడు నోరు తెరవడు ఇప్పుడు.


తణుకు_కోడలు

మామ్మగారికి వంద లైకులు. సీసా వద్దని మా పిల్లల డాక్టర్ కూడా ఇదే చెప్పారు.

సచివాలయం అన్నారు కదా, పని ఊళ్లోనే అయితే మధ్యాహ్నం ఒకసారి ఇంటికి వచ్చి పాలివ్వగలరేమో చూసుకోండి, అదే సగం బరువు తీరుస్తుంది. దూరమైతే పొద్దున్నే పిండి స్టీలు గిన్నెలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, ఆ రోజుకి ఆ రోజు అయిపోవాలి. కరెంటు ఎక్కువసేపు పోతే పారబొయ్యమని చెప్పండి. పట్టేటప్పుడు పొయ్యి మీద కాచకూడదు, గిన్నెని వేడినీళ్లలో నిలబెడితే చాలు.

అత్తగారికి చెప్పాల్సినవి కాగితం మీద రాసి గోడకి అంటించొద్దు, పరీక్ష పెట్టినట్టు ఉంటుంది. తిండి మొదలుపెట్టిన వారం పది రోజులు మీరు ఇంట్లో ఉన్న పూట ఆవిడ చేతే వండించండి, ఆవిడ చేతే పెట్టించండి, మీరు పక్కన కూర్చోండి. చిక్కదనం ఎంత, పాప ఎంత తింటుంది అన్నది ఆవిడ కళ్లకే తెలుస్తుంది. పొద్దున వండినది సాయంత్రానికి పెట్టకూడదన్న ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి, మన ఉక్కకి రెండు గంటలు దాటితే జావ పులిసిపోతుంది. చేతులు సబ్బుతో కడుక్కోవడం, టిన్ను నీళ్లయినా సరే మరిగించి చల్లార్చి పట్టడం కూడా.


చంటిదాని_అమ్మ

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదండి. మా ఆయనకి పులస మెసేజ్ చదివి వినిపించాను, "సరే, నా వాటా నేను తింటాను" అన్నారు. ఇంకొక్క రెండు ప్రశ్నలు, విసుక్కోకండి. గేదెపాలు వద్దన్నారు, మరి ఆ పాలతో తోడుపెట్టిన పెరుగు? అన్నం మొదలుపెట్టాక మోషన్ గట్టిగా వచ్చినా, నీళ్లలా వచ్చినా పెట్టడం ఆపెయ్యాలా?


ఏఎన్ఎమ్_అక్క

పెరుగు పెట్టొచ్చమ్మా. తాజాగా తోడుకున్నది, పులుపు లేనిది, అన్నంలో కలిపి రెండు మూడు చెంచాలు. జావలో కాస్త పాలు పడినా నష్టం లేదు, గ్లాసులకి గ్లాసులు తాగించొద్దన్నదే నా గొడవ.

మోషన్ గట్టిపడటం కొత్తల్లో మామూలే. కాచి చల్లార్చిన నీళ్లు తిండితో పాటు రెండు మూడు చెంచాలు పట్టండి, బొప్పాయి పెట్టండి, రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్ష పిసికి వడకట్టి ఆ నీళ్లు ఒకట్రెండు చెంచాలు ఇవ్వండి. సబ్బుముక్క పెట్టడం, తమలపాకు తొడిమ పెట్టడం లాంటివి ఎవరు చెప్పినా చెయ్యొద్దు. మోషన్లో రక్తం పడినా, పొట్ట ఉబ్బి వాంతులైనా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నీళ్ల విరేచనాలైతే పాలూ ఆపొద్దు, తిండీ ఆపొద్దు. "కడుపు ఖాళీగా ఉంచితే తగ్గుతుంది" అనే మాట వినకండి, అప్పుడే పిల్లలు ఎక్కువ నీరసపడతారు. మోషన్ అయినప్పుడల్లా ఓఆర్‌ఎస్ చెంచాతో పట్టండి, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు కలపమని ఉందో అన్నే కలపాలి, సగం ప్యాకెట్ సగం గ్లాసు లెక్కలు వద్దు. ఉచ్చ తగ్గినా, కళ్లు లోపలికి పోయినా, పాలు పట్టకుండా మగతగా పడుకున్నా వెంటనే డాక్టర్ దగ్గరికి. మా దగ్గర జింక్ మాత్రలు కూడా ఇస్తాం, ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకొకటి, చెంచాలో మీ పాలతో కరిగించి పట్టాలి. 14 రోజులూ వెయ్యాలి, మూడో రోజుకి తగ్గింది కదా అని మిగతా మాత్రలు అటకెక్కించకండి.